కాగ్నా తీరం కథలు – 6: పదవి పోయాక పెరిగిన జనం

పోయిన వారం మర్రి చెన్నారెడ్డిని ఢిల్లీలో వదిలి వచ్చాం. మర్పల్లి దగ్గరి సిరిపురంలో 1919లో పుట్టిన పిల్లవాడు ఉస్మానియాలో డాక్టరీ చదివాడు, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయ్యాడు. 1956 ఫిబ్రవరి 20న, ఆంధ్రతో కలిసేముందు తెలంగాణకు హామీలు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం చేసిన నలుగురిలో ఒకడయ్యాడు. వికారాబాద్‌ను దాటి తాండూరుకు మారి, 1967లో అక్కడి నుంచి శాసనసభకు గెలిచి, ఆ వెంటనే ఇందిరాగాంధీ కొలువులో ఉక్కు, గనుల శాఖకు మంత్రిగా కూర్చున్నాడు. నాపరాళ్లు తవ్వుకుని బతికే ఊరి ఎమ్మెల్యే దేశంలోని గనులన్నిటికీ మంత్రి కావడం తాండూరు వాళ్లకు ఎంత ముచ్చటగా ఉండేదో చెప్పనక్కర్లేదు.

ఆ ముచ్చట ఏడాదే. ఈ వారం కథ అది తీరిపోయిన దగ్గర మొదలవుతుంది.

తాండూరు ఎన్నికను హైకోర్టులో సవాలు చేసిన మనిషి మామూలు మనిషి కాదు. నిజాం జైల్లో వందేమాతరం అన్నందుకు దెబ్బలు తిని, ఆ నినాదాన్నే ఇంటిపేరుగా చేసుకున్న ఆర్యసమాజ నాయకుడు వందేమాతరం రామచంద్రరావు. అవినీతి పద్ధతులతో గెలిచారన్న ఆరోపణ రుజువైందని 1968 ఏప్రిల్‌లో హైకోర్టు తేల్చి, ఎన్నికను రద్దు చేసింది. కేంద్రమంత్రి పదవి పోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లినా తీర్పు మారలేదు. ఆరేళ్లపాటు ఏ ఎన్నికలోనూ నిలబడకూడదు. నలభై తొమ్మిదేళ్ల వయసులో, రాజకీయాల్లో మాంచి ఊపు మీదున్న మనిషికి ఇది రెక్కలు విరిచినట్టే.

మామూలు లెక్క ప్రకారం ఇక్కడితో ఆయన వెంట ఉన్న జనం పల్చబడాలి. కోర్టు తప్పు పట్టింది, పదవి లేదు, మళ్లీ వచ్చే దారీ ఇప్పట్లో లేదు. కానీ జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. మూడేళ్లు తిరక్కుండానే ఆయన చెయ్యెత్తి చూపించిన అభ్యర్థులు తెలంగాణలో పద్నాలుగు లోక్‌సభ స్థానాలకు పది గెలిచారు. అభిమానుల మనసు ఏ లెక్కతో నడుస్తుందో తెలియాలంటే ఈ మూడేళ్లను నిదానంగా చూడాలి.

ముందు ఆ నేలను చూద్దాం. వికారాబాద్ పేరులోనే పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా ఉన్నాడు. తరాల తరబడి ఇక్కడి రైతుకు సర్కారంటే పటేలు, పట్వారీ, వాళ్ల మీద నవాబు మనిషి. తాండూరు సంగతి ఇంకా చిత్రం. 1956 దాకా ఆ తాలూకా గుల్బర్గా జిల్లాలోది. రాష్ట్రాల గీతలు మారినప్పుడు కన్నడం, ఉర్దూ, తెలుగు మూడూ మాట్లాడే ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చిపడింది. కొత్త రాష్ట్రం, కొత్త అధికారులు, కోస్తా నుంచి వచ్చిన గుమస్తా రాసే తెలుగు. కాగ్నా ఏరు మాత్రం పాత అలవాటు కొద్దీ కర్ణాటక వైపే పారుతుంది. అనంతగిరి కొండల్లోనే పుట్టిన మూసీ హైదరాబాద్ దారి పట్టింది. తాండూరు మనుషులూ రెండు వైపులకూ చూస్తూ ఉండేవాళ్లు.

ఇలాంటి చోట పెద్ద నాయకుడంటే సర్కారు గోడలో ఉన్న ఒక తలుపు. అనంతగిరి క్షయ ఆసుపత్రిలో మంచం దొరకాలన్నా, బండల గనికి కాగితం కదలాలన్నా, పదో తరగతి తప్పిన పిల్లవాడికి చిన్న నౌకరీ కావాలన్నా ఆ తలుపు తట్టాలి. చెన్నారెడ్డి చదువుకున్న రోజుల్లో ఉస్మానియాలో వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్లు. కాబట్టి తాండూరు బజారులో కందుల సేటుతోనూ, బండల లారీల సాహెబుతోనూ, జొన్నచేను రైతుతోనూ వాళ్ల వాళ్ల భాషలో మాట్లాడగలిగిన మంత్రి ఆయన. కోర్టు తీర్పు ఆయన కుర్చీని తీసేసినప్పుడు ఇక్కడి జనం తమ తలుపు మూసేసినట్టు అనుకున్నారు. ఆయనకు జరిగిన నష్టాన్ని తమ నష్టంగా తీసుకోవడంలో గుడ్డి భక్తి కంటే ఈ లెక్కే ఎక్కువని నేననుకుంటాను.

ఆ రోజుల్లో హోటళ్ల దగ్గర నడిచిన మాటలు ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఎలా ఉండి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. తాండూరు స్టేషను బయట చాయ్ హోటలు. హైదరాబాద్ నుంచి వచ్చిన బండిలో ఒక తెలుగు పేపరు, ఒక సియాసత్ దిగాయి. ఉర్దూ వచ్చిన పెద్దాయన పైకి చదువుతున్నాడు, రానివాళ్లు వింటున్నారు.

“ఏందే కాకా, మనోనికి గిట్ల జేసిరి?”

“కోర్టు చెప్పిందంట బిడ్డా.”

“కోర్టు చెప్తది. కోర్టు దాంక పోయేతట్టు ఎవడు జేసిండో గది సూడాలె.”

ఈ మూడో మాటలో అంతా ఉంది. ‘ఆయన తప్పు చేశాడా?’ అనే ప్రశ్న ‘ఆయన మీద ఎవరు పగబట్టారు?’గా మారిపోయింది. దానికి జవాబు సిద్ధంగానే ఉంది: ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. ఆయన మంత్రివర్గంలోనే చెన్నారెడ్డి ఆర్థిక శాఖ చూశాడు. ఒకే పార్టీలో ఉంటూ ఒకరి నీడ ఒకరికి గిట్టని ఇద్దరు పెద్దరెడ్లు. కేసు వేసింది రామచంద్రరావు, తీర్పు చెప్పింది న్యాయస్థానం. బ్రహ్మానందరెడ్డికి ఇందులో ప్రమేయం ఉందనడానికి ఆధారం అక్కర్లేదు, వైరం ఉంటే చాలు. అభిమాని మనసులో సాక్ష్యం పని వైరమే చేస్తుంది.

ఈ లోపు చెన్నారెడ్డితో ఏ సంబంధమూ లేకుండా ఇంకొక నిప్పు రాజుకుంది. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రంలో ఉద్యోగాల గొడవ మొదలైంది. ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నాడు. ఉద్యోగాలు స్థానికులకేననే ముల్కీ నిబంధనలను గాలికి వదిలేసి స్థానికేతరులకు ఉద్యోగాలిచ్చారన్నది మొదటి ఫిర్యాదు. తెలంగాణలోనే ఖర్చు పెట్టాల్సిన మిగులు నిధులు ఎటు పోయాయన్నది రెండోది. ఇది ఉత్త అనుమానం కాదు. కేంద్రం పంపిన కుమార్ లలిత్ 1956 నుంచి 1968 దాకా లెక్కలు తీసి 34.10 కోట్ల రూపాయల మిగులు తేల్చాడు, ఆ తర్వాత భార్గవ కమిటీ దాన్ని 28.34 కోట్లకు తగ్గించింది. ఎంత తగ్గించినా డబ్బు బాకీ ఉందన్నది రెండు నివేదికలూ ఒప్పుకున్న మాటే. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన మనిషికి ఈ లెక్క కొత్తది కాదు. మంత్రిగా ఉన్నన్నాళ్లూ ఆయన దాన్ని ఎందుకు గట్టిగా అడగలేదన్న ప్రశ్న కూడా ఎదుటివాళ్లు తర్వాత వేశారు.

జనవరి 24న సదాశివపేటలో పోలీసులు కాల్చారు. మర్పల్లి వాళ్లకు సదాశివపేట పరాయి ఊరు కాదు. అంగళ్లకు వెళ్లే చోటు, పిల్లనిచ్చిన ఊరు. అక్కడ తూటా పేలితే ఈ పల్లెలకు వినిపించినట్టే. తర్వాత నెలల్లో బడులు, కాలేజీలు మూతబడ్డాయి. పరీక్షలు రాయకుండా ఒక ఏడాది గంగలో కలిసింది. వికారాబాద్ జంక్షన్‌లో బండి వస్తుందో రాదో తెలియని రోజులు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా 1874 నుంచి నడుస్తున్న ఆ లైను మీదే తాండూరు బండలూ, కందులూ, కాలేజీ పిల్లలూ అందరూ వెళ్లాలి. బండి ఆగిపోతే గనుల్లో గునపాలూ ఆగిపోతాయి. పొరలు పొరలుగా లేపిన బండలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఎండలో పడి ఉంటాయి, కూలికి ఆ వారం పైసలు రావు. ఉద్యమమంటే ఊరేగింపులే గుర్తుపెట్టుకుంటాం గానీ, దాన్ని మోసిన ఇంటికి ఇలాంటి ఖర్చు ఉంటుంది. అయినా మోశారు.

ఇది విద్యార్థుల ఉద్యమం. మొదట నాయకులను దగ్గరికి రానివ్వలేదు. మదన్‌మోహన్ వంటివాళ్లు కలిసి నిలబెట్టిన తెలంగాణ ప్రజాసమితిలో కూడా పేరున్న పాత మంత్రులకు చోటు లేదు. చెన్నారెడ్డి వస్తానంటే ఉస్మానియాలో చాలామందికి మింగుడు పడలేదు. “కోర్టు బయటికి తోస్తే మన పందిట్లోకి వచ్చాడు” అన్న ఎత్తిపొడుపు వినిపించింది. కానీ 1969 వేసవికి ఉద్యమానికి ఒక పెద్ద పేరు కావాల్సి వచ్చింది. ఢిల్లీలో తలుపులు తెలిసిన మనిషి, బ్రహ్మానందరెడ్డికి సమవుజ్జీ, పల్లెల్లో పలుకుబడి ఉన్నవాడు కావాలి. మే నెలలో ఆయన ప్రజాసమితి అధ్యక్షుడయ్యాడు.

ఉద్యమానికి ఆయన పేరు దొరికింది, ఆయనకు ఉద్యమం గంగాస్నానమైంది. నిన్నటిదాకా తాండూరు ఎన్నికలో దొరికిపోయిన మనిషి, ఇప్పుడు తెలంగాణ అన్యాయమైపోయిందని చెప్పే మనిషి. ఆయన మీద పడ్డ దెబ్బా, ప్రాంతం మీద పడ్డ దెబ్బా ఒకటేనన్నట్టు జనం కలిపేసుకున్నారు. ‘మా డాక్టరును తొక్కినట్టే మమ్మల్నీ తొక్కారు’ అనే మాట ఎవరైనా పైకి అన్నా అనకపోయినా, సభల్లో చప్పట్లు దాని మీదే పడ్డాయి. చెన్నారెడ్డికి ఈ సంగతి బాగా తెలుసు. తన సొంత కేసు గురించి తక్కువ, ఉద్యోగాల గురించి ఎక్కువ మాట్లాడితే చాలు, మిగతాది వినేవాళ్లే కలుపుకుంటారు. జనాకర్షణ ఉన్న నాయకులందరికీ ఈ విద్య వస్తుంది. నేర్పేవాళ్లెవరో తెలియదు.

జూన్‌లో ఆయన్ను అరెస్టు చేసి రాజమండ్రి జైలుకు పంపారు. తెలంగాణ నాయకుణ్ణి గోదావరి ఒడ్డున బంధించడం కన్నా పెద్ద తప్పు ప్రభుత్వం చేయలేదు. జైలు తలుపు పడ్డాక విద్యార్థుల అనుమానాలు కూడా కొంత చల్లబడ్డాయి. అంతా కాదు. శ్రీధర్‌రెడ్డి వంటి విద్యార్థి నాయకులు రాజకీయ నాయకులను నమ్మలేమంటూ వేరు కుంపటి పెట్టుకున్నారు. అప్పటికే మంత్రి పదవి వదిలేసి వచ్చిన కొండా లక్ష్మణ్ బాపూజీది ఇంకో దారి. ఒక ఉద్యమంలో నాలుగు గుండెలు కొట్టుకుంటున్నాయి. కానీ వికారాబాద్, తాండూరు పల్లెల్లో ఈ చీలికల లోతు ఎవరికీ పట్టలేదు. వాళ్లకు ఉద్యమమంటే డాక్టరే.

ఉద్యమకారుల లెక్కలో 369 మంది ప్రాణాలు పోయాయి. సర్కారు లెక్క అంతకన్నా చాలా తక్కువ. ఏడాది చివరికి వీధుల్లో వేడి తగ్గింది. విద్యార్థులు బడికి వెళ్లారు, కూలీలు గనికి వెళ్లారు. అందరూ ఇక అయిపోయిందనుకున్నారు.

1971 మార్చిలో మధ్యంతర లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. దేశమంతా ఇందిర గాలి. కాంగ్రెస్‌కు 352 స్థానాలు. ఆంధ్రప్రదేశ్‌లో 41కి 28. ఆ గాలిలో కూడా తెలంగాణ ప్రజాసమితి పది గెలిచింది. హైదరాబాద్‌లో మేల్కోటే, మెదక్‌లో ఉద్యమం నుంచి వచ్చిన విద్యార్థి నాయకుడు మల్లికార్జున్, సిద్దిపేటలో జి. వెంకటస్వామి. అందరికన్నా పెద్ద విశేషం, ఈ ఓట్లడిగిన మనిషికి తనకు తాను ఓటడిగే హక్కు లేదు. అనర్హత ఇంకా నడుస్తూనే ఉంది. నిలబడే వీలు లేనివాడు నిలబెట్టినవాళ్లు గెలిచారు.

ఇలాంటిది ప్రపంచంలో ఇంకెక్కడా జరగలేదని కాదు. అర్జెంటీనాలో హువాన్ పెరోన్‌ను 1955లో సైన్యం దించేసి, ఆయన పార్టీని నిషేధించింది. 1957 ఎన్నికల్లో లక్షలాదిమంది ఆయన పిలుపు మీద ఎవరికీ వేయకుండా ఖాళీ ఓట్లు పెట్టెలో వేసి వచ్చారు. 1973లో ఆయన తిరిగొచ్చి మళ్లీ అధ్యక్షుడయ్యాడు. నిషేధం ఒక నాయకుడి బలాన్ని కోస్తుందని కోర్టులూ సైన్యాలూ అనుకుంటాయి. కొందరి విషయంలో అది నెయ్యి పోసినట్టవుతుంది. పెరోన్ వెంట ఉన్న కార్మికుడికీ, తాండూరు బండల కూలికీ మధ్య సముద్రాలున్నాయి. మనవాణ్ణి రానివ్వడం లేదన్న రోషం మాత్రం ఒక్కటే.

ఇప్పుడు అందరూ బాధపడే చోటికి వచ్చాం. గెలిచి ఆరు నెలలు గడిచాయో లేదో, 1971 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బదులుగా బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు. సెప్టెంబర్ 30న పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి మొదటి ముఖ్యమంత్రి. రాష్ట్రం మాత్రం రాలేదు.

ఉస్మానియాలో దీన్ని ఎలా తీసుకున్నారో వేరే చెప్పాలా? ఏరు దాటాక తెప్ప తగలేశాడన్నారు. అమ్ముడుపోయాడన్నారు. ఆ మాట చెన్నారెడ్డిని చచ్చేదాకా వదల్లేదు, చచ్చాక కూడా వదల్లేదు. 2000 తర్వాత కొత్త ఉద్యమం మొదలైనప్పుడు ప్రతి కొత్త నాయకుణ్ణీ జనం ముందుగా అడిగింది, నువ్వు కూడా ఆయనలాగే చేస్తావా అని. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో అయితే ఏ సర్దుబాటూ లేదు. పి.వి. ముఖ్యమంత్రి కావడం ఆ తల్లికి దేనికి బదులు?

సొంత తాలూకాల్లో కథ వేరే విధంగా నడిచింది. 1972 శాసనసభ ఎన్నికలు దానికి రుజువు. విలీనాన్ని ఒప్పుకోనివాళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పేరుతో బరిలోకి దిగారు. ఎల్లారెడ్డిలో ఈశ్వరీబాయి గెలిచింది. తెలంగాణ మొత్తం మీద ఆ పార్టీకి దక్కింది ఆ ఒక్క సీటే. తాండూరు కాంగ్రెస్ అభ్యర్థి ఎం. మాణిక్‌రావును గెలిపించింది. ఏడాది కిందట ఎవరి పార్టీని ఓడించాలని ఓటేశారో, ఆ పార్టీకే ఇప్పుడు వేశారు. నాయకుడు పార్టీ మారాడు, జనం ఆయన వెంట మారారు.

జనానికి మతిమరుపు ఎక్కువని దీన్ని కొట్టిపారేయడం తేలిక. నేనలా అనుకోను. చెన్నారెడ్డికి రెండు రకాల అభిమానులుండేవాళ్లు. విశ్వవిద్యాలయం పిల్లలకు ఆయన ఒక మాట: తెలంగాణ తెస్తానన్న మాట. మాట తప్పితే ఇక ఆ మనిషిలో ఏమీ మిగల్లేదు. వికారాబాద్, తాండూరు, పరిగి వాళ్లకు మొదటి నుంచీ ఆయన మనం పైన చెప్పుకున్న తలుపు. రాష్ట్రం రాకపోయినా తలుపు మళ్లీ తెరుచుకుంది. మనవాడు మళ్లీ ఢిల్లీ దాకా వెళ్లగలడు, మనకో కాగితం కదిలించగలడు. పైగా పగవాడు దిగిపోయాడు కదా. ఆ తృప్తి చిన్నదేం కాదు. 1968లో మూసిన తలుపు వెనుక ఎవరున్నారని వాళ్లు అనుకున్నారో, ఆ మనిషే దిగాడు. వాళ్ల లెక్కలో బాకీ తీరింది.

ఇందులో వాళ్లను తప్పు పట్టాలా? కొంత పట్టాలి. నాయకుడి సొంత పగనూ, ప్రాంతం బాధనూ విడదీసి చూడకపోవడం వల్ల పగ తీరిన రోజునే బాధ కూడా తీరిందన్నంత పనైంది. ముల్కీ ఉద్యోగాలు ఎక్కడివక్కడే, మిగులు నిధుల లెక్క ఎక్కడిదక్కడే. పేదవాడికి తలుపు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఇంటి తాళం ఒకే మనిషి జేబులో ఉండిపోతే, ఆ మనిషి ఎటు పోతే ఇల్లు అటు పోతుంది. వికారాబాద్, తాండూరుల్లో ఆ తర్వాతి నలభై ఏళ్ల రాజకీయంలో పార్టీలు మారాయి గానీ, ఈ పద్ధతి పెద్దగా మారలేదు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. 1969లో చనిపోయినవాళ్లకు హైదరాబాద్ గన్‌పార్కులో స్తూపం ఉంది. చెన్నారెడ్డి పేరు మీద రాజధానిలో అధికారులకు శిక్షణనిచ్చే పెద్ద సంస్థ ఉంది. రెండిటి ముందు నుంచీ రోజూ వేలమంది వెళ్తుంటారు. వికారాబాద్, తాండూరు వైపు మీ ఇంట్లో ఆ రోజులు చూసిన పెద్దవాళ్లుంటే, 1971లో ఓటెవరికి వేశారో, 1972లో ఎవరికి వేశారో అడిగి చూడండి. రెండు జవాబుల మధ్య వాళ్లు చెప్పే కారణాన్ని జాగ్రత్తగా రాసిపెట్టుకోండి.

వచ్చే వారం: 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, కోస్తాలో భగ్గుమన్న జై ఆంధ్ర, పి.వి. ప్రభుత్వ పతనం, 1973 ఆరు సూత్రాలు. అనర్హత తీరాక చెన్నారెడ్డి లక్నో రాజ్‌భవన్‌కు గవర్నరుగా వెళ్లడం, కాంగ్రెస్ చీలిపోయినప్పుడు ఇందిర పక్షాన తిరిగి రావడం. 1978 ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెస్ 294కు 175 స్థానాలు గెలిచింది. ఆ మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది మర్రి చెన్నారెడ్డే.